ఎత్తి కుమ్మరించే బండి
(పాత ఇంగ్లీషు టిప్పర్ లారీల కథ)

ఇసుక, కంకర, మట్టి, బొగ్గు. ఈ నాలుగూ ఒకచోటి నుంచి మరొకచోటికి కదలకపోతే ఆనకట్ట లేదు, రోడ్డు లేదు, రైలు లేదు, తలదాచుకోవడానికి ఇల్లూ లేదు. అయినా వీటిని మోసే బండిని ఎవరూ తలెత్తి చూడరు. పెళ్లి బస్సుకు పూలదండ వేస్తాం. కొత్త కారుకు కొబ్బరికాయ కొడతాం. టిప్పర్ లారీ ఎదురైతే మాత్రం ముక్కు మూసుకుని పక్కకు తప్పుకుంటాం. ఆ బండికీ నూట పాతికేళ్ల చరిత్ర ఉంది. అది చాలావరకు ఇంగ్లండులో జరిగిన చరిత్ర. దాని కొస ఒకటి మన ప్రాజెక్టుల దాకా వచ్చింది.

ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం రాయమని మన సంఘం వారు అడిగారు. రాజుల గురించీ కోటల గురించీ రాయగల పెద్దలు మనలో ఉన్నారు. నేను యాంత్రిక విభాగంలో గుమాస్తాగా చేరి లారీల లాగ్ బుక్కులు, స్పేర్ పార్టుల ఇండెంట్లు, డీజిల్ లెక్కల మధ్య చాలా ఏళ్లు గడిపినవాణ్ణి. అందుచేత నాకు చేతనైన విషయమే ఎంచుకున్నాను. పదవీ విరమణ తరువాత చదువుకున్నదీ, ఉద్యోగంలో ఉండగా విన్నదీ కలిపి మనవి చేస్తున్నాను.

తట్టా పారా కాలం

లారీలో సరుకు ఎక్కించడం ఒక ఎత్తు, దించడం మరొక ఎత్తు. అయిదు టన్నుల కంకరను పారలతో దించాలంటే నలుగురు మనుషులకు చెమటలు కారవలసిందే. అంతసేపూ లారీ కదలకుండా నిలబడి ఉంటుంది. బండి నిలబడితే యజమానికి నష్టం. అందుకే సరుకును దానంతటదే జారిపోయేలా చేయాలన్న ఆలోచన మోటారు కంటే పాతది. మన పల్లెల్లో పెంటబండిని పొలానికి తోలి, ఎద్దులను విప్పి, కాడి వైపు పైకెత్తితే పెంట వెనక్కి జారిపోయేది కదా! ఇంగ్లండులోనూ గుర్రాలు లాగే రెండు చక్రాల బండ్లను ఇలాగే ఎత్తి కుమ్మరించేవారు. టిప్పర్‌కు మూలపురుషుడు ఆ బండే.

ఆవిరి యంత్రంతో నడిచే బండిని రోడ్డు మీదికి తేవడానికి ఇంగ్లండులో చాలాకాలం చట్టమే అడ్డుపడింది. 1865 నాటి చట్టం ప్రకారం అటువంటి బండి ముందు ఒక మనిషి ఎర్రజెండా పట్టుకుని నడవాలి. 1896లో వచ్చిన చట్టం తేలికపాటి మోటారు బండ్లకు ఆ సంకెళ్లు తీసేసింది. వెంటనే తయారీదారులు పుట్టుకొచ్చారు. వారిలో థార్నీక్రాఫ్ట్ వారు 1897 నాటికే లండన్ శివారు చిజ్విక్‌లో చెత్త ఎత్తడానికి తొట్టి ఎత్తే ఆవిరి బండి తయారుచేసి ఇచ్చారు. గుర్రం లేకుండా నడిచి, సరుకు కుమ్మరించిన తొలి బండ్లలో ఇదొకటి. టిప్పర్ మొదట మోసింది బంగారం కాదు, ఊరి చెత్త!

ఆ తరువాత చెషైర్ జిల్లా శాండ్‌బాచ్ ఊళ్లో ఫోడెన్ వారు, ష్రూస్‌బరీలో సెంటినల్ వారు ఆవిరి లారీలకు పెట్టింది పేరయ్యారు. వీటిలో డ్రైవరుతో పాటు బొగ్గు వేసే మనిషీ ఉండేవాడు. దారిలో నీళ్లు పట్టుకోవాలి. పొద్దున్నే పొయ్యి రాజేసి ఆవిరి పుట్టేదాకా కాచుకోవాలి. ఇన్ని తంటాలున్నా బరువు మోయడంలో వాటికి ఎదురుండేది కాదు.

చేతి మర నుంచి జాకీ దాకా

పెట్రోలు లారీలు వచ్చిన కొత్తలో తొట్టిని ఎత్తేది మనిషి చెయ్యే. తొట్టి కింద పొడుగాటి మర ఉండేది. డ్రైవరు పక్కన నిలబడి హ్యాండిల్ తిప్పుతూ ఉంటే, నూతిలో బొక్కెన పైకి వచ్చినట్టు తొట్టి మెల్లమెల్లగా లేచేది. రెండు మూడు టన్నుల బండికి ఇది సరిపోయింది. బరువు పెరిగేకొద్దీ చేతులు చాలలేదు.

అప్పుడు ఆదుకున్నది నూనె. 1795లోనే జోసెఫ్ బ్రామా అనే ఇంగ్లీషు యంత్రకారుడు ద్రవం ఒత్తిడితో పనిచేసే ప్రెస్సుకు పేటెంటు తీసుకున్నాడు. అదే సూత్రాన్ని లారీకి పెట్టారు. గేర్ బాక్స్ నుంచి శక్తి తీసుకుని ఒక చిన్న పంపు తిరుగుతుంది. అది నూనెను ఒక ఇనుప గొట్టంలోకి నెడుతుంది. గొట్టంలోని కడ్డీ బయటికి వచ్చి తొట్టిని ఎత్తుతుంది. దీన్నే మనవాళ్లు 'జాకీ' అంటారు. దీని బలం ఎంతో ఒక లెక్క చూడండి. ఆరు అంగుళాల వ్యాసం ఉన్న కడ్డీ వైశాల్యం 28 చదరపు అంగుళాలు. చదరపు అంగుళానికి వెయ్యి పౌన్ల ఒత్తిడి ఇస్తే అది 28,000 పౌన్లు, అంటే పన్నెండున్నర టన్నులు ఎత్తగలదు. డ్రైవరు చేయవలసింది ఒక లివరు లాగడమే.

ఇంకో చమత్కారం ఉంది. తొట్టి నేలబారుగా ఉన్నప్పుడు ఎత్తడం చాలా కష్టం. కొంత లేచాక సులువవుతుంది. సగం సరుకు జారిపోయాక మరీ సులువు. అందుకని ఒకదానిలో ఒకటి ఇమిడిపోయే గొట్టాలతో జాకీ చేశారు. అన్నిటికంటే లావు గొట్టం మొదట లేస్తుంది, ఎందుకంటే బలం కావలసింది అప్పుడే. సన్న గొట్టాలు ఆ తరువాత వస్తాయి. ఈ జాకీల తయారీలో లాంకషైర్‌లోని బోల్టన్ పట్నం ప్రసిద్ధికెక్కింది. ఎడ్వర్డ్స్ బ్రదర్స్ అన్న మాటలను కుదించి 'ఎడ్‌బ్రో' అని పేరు పెట్టుకున్న కంపెనీ అక్కడిదే. చెల్టెన్‌హామ్‌లో 'టెలీహాయిస్ట్' అని మరొకటి ఉండేది.

తొట్టి కట్టుబడి

లారీ అంతా ఒకే ఫ్యాక్టరీలో తయారవుతుందని చాలామంది అనుకుంటారు. ఆ రోజుల్లో ఫ్యాక్టరీ ఇచ్చేది ఇంజను, చక్రాలు, ఛాసిస్, కొన్నిటికి డ్రైవరు గది. తొట్టిని చాలావరకు వేరే వడ్రంగి షెడ్లలో కట్టేవారు. నిన్నటిదాకా గుర్రపుబండ్లు చేసిన కుటుంబాలే చాలాచోట్ల లారీ బాడీలు కట్టడానికి దిగాయి. మన విజయవాడ ఆటోనగర్‌లో ఛాసిస్ వచ్చి బాడీతో తిరిగి వెళ్లడం చూసినవారికి ఇది వింతగా తోచదు.

కట్టుబడి ఇలా ఉండేది. ఛాసిస్ మీద ముందు ఒక ఉపచట్రం వేసి యు బోల్టులతో బిగిస్తారు. దాని వెనక కొసన బలమైన కీలు. తొట్టి బరువంతా ఎత్తినప్పుడు ఆ కీలు మీదా జాకీ మీదా పడుతుంది. తొట్టి అడుగున రెండు పొడుగు దూలాలు, వాటి మీద వరసగా అడ్డదూలాలు. ఇవి ఓక్ వంటి గట్టి కలపతో చేస్తారు. పక్క చట్రాలకు యాష్ కలప వాడేవారు. క్రికెట్ స్టంపులు చేసేది ఆ కలపతోనే. దెబ్బ తగిలితే వంగి కాచుకుంటుంది కానీ పుటుక్కున విరగదు. నేలపలకలను అడ్డంగా కాక నిలువుగా, అంటే ముందు నుంచి వెనక్కి పరుస్తారు. సరుకు జారడానికీ, పారకు సందులు తగలకుండా ఉండడానికీ అదే ఉపాయం. పలకల మీద ఉక్కు రేకు వేస్తే బోల్టు తలలు కూడా రేకులోకి మునిగి ఉండాలి. ఒక్క తల పైకి లేచినా అక్కడ మట్టి పట్టుకుని కూర్చుంటుంది.

వెనక తలుపు కట్టడంలో ఇంకా తెలివి ఉంది. దానికి పైనా కిందా రెండు చోట్లా చీలలు ఉంటాయి. కింది చీలలు తీస్తే తలుపు పై నుంచి వేలాడుతుంది. తొట్టి లేవగానే సరుకే దాన్ని తోసుకుని బయటికి వస్తుంది. పై చీలలు తీస్తే తలుపు కిందికి వాలి, సామాను ఎక్కించడానికి బల్లలా పనికొస్తుంది. గొలుసు కట్టి తలుపు కొద్దిగానే తెరుచుకునేలా చేస్తే, లారీ మెల్లగా నడుస్తూ ఉండగా కంకర రోడ్డు మీద సమంగా పరుచుకుంటుంది.

క్వారీల్లో పెద్ద బండలు మోసే తొట్లది వేరే తీరు. అక్కడ రెండు ఉక్కు రేకుల మధ్య గట్టి కలప పెట్టి నేల కడతారు. పైనుంచి బండ పడినప్పుడు ఆ దెబ్బను కలప మింగుతుంది. అటువంటి తొట్లకు చాలావాటికి వెనక తలుపే ఉండదు. నేలే వెనక కొసన కొంచెం పైకి వాలి ఉంటుంది. తడి బంకమట్టి పట్టుకోకుండా మూలలు గుండ్రంగా చేస్తారు. తొట్టి ముందు వైపు కంటే వెనక వైపు కాస్త వెడల్పుగా ఉంచుతారు. కొన్ని భారీ బండ్లలో ఇంజను పొగను తొట్టి గోడల గుండా పంపి వేడి చేసేవారు. చలిదేశం కదా, తడి మట్టి గడ్డకట్టి తొట్టికి అంటుకోకుండా ఆ ఏర్పాటు.

చట్టం చెక్కిన తొట్టి

వడ్రంగి ఉలి కంటే ప్రభుత్వం వారి కలం లారీని ఎక్కువ మార్చిందంటే, ఫైళ్ల మధ్య బ్రతికిన మనకు ఆశ్చర్యం ఉండదు. 1932లో సర్ ఆర్థర్ సాల్టర్ అధ్యక్షతన రైల్వేల వారు, రోడ్డు రవాణా వారు కూర్చుని ఒక నివేదిక ఇచ్చారు. రోడ్లు పాడుచేసే బరువు లారీలు ఆ ఖర్చు భరించాలన్నది దాని సారాంశం. ఆ తరువాత భారీ లారీల మీద పన్ను పెరిగింది. ఖాళీ బండి ఎంత బరువుంటే అంత పన్ను. బాయిలరు, నీళ్ల ట్యాంకు మోసే ఆవిరి లారీలకు ఇది గొడ్డలిపెట్టు అయింది.

దీనికి తోడు వేగం నిబంధన. 1930లలో ఖాళీ బరువు రెండున్నర టన్నులు దాటిన లారీ గంటకు 20 మైళ్లు మించరాదు. ఆ లోపు ఉన్నది 30 మైళ్లు పోవచ్చు. 1931లో లూటన్ పట్నంలో పుట్టిన బెడ్‌ఫర్డ్, అదే ఊరి కామర్ వంటి తేలిక లారీలకు గిరాకీ పెరగడానికి ఇదొక కారణం. ఇక తొట్టి కట్టే మేస్త్రీ బాధ ఊహించండి. నాలుగు పలకలు ఎక్కువ వేస్తే తొట్టి గట్టిగా ఉంటుంది. కానీ బండి రెండున్నర టన్నుల గీత దాటితే యజమాని రోజుకు రెండు ట్రిప్పులు పోగొట్టుకోవచ్చు. తక్కువ వేస్తే తొట్టి ఏడాదికే చీలిపోతుంది. ఆ మేస్త్రీలు ప్రతి బోల్టు బరువూ లెక్కపెట్టేవారంటే కారణం ఇదే. భారీ లారీల 20 మైళ్ల నిబంధన 1957లో గాని 30కి పెరగలేదు.

బరువు తగ్గించే తపనలోంచే అల్యూమినియం తొట్టి వచ్చింది. ఘనపుటడుగు ఉక్కు సుమారు 490 పౌన్లు. అల్యూమినియం 170 పౌన్ల లోపు. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక విమానాలకు వాడే అల్యూమినియం మిగిలిపోయింది, ఉక్కుకు మాత్రం రేషను. 1948లో ల్యాండ్ రోవర్ జీపుకు అల్యూమినియం బాడీ వేసింది అందుకే. టిప్పర్లు కూడా ఆ దారి పట్టాయి. తొట్టిలో తగ్గిన ప్రతి పౌనూ సరుకులో పెరిగిన పౌను. అయితే బండరాళ్లకు అల్యూమినియం ఆగదు. బొగ్గు, ధాన్యం, ఇసుక వంటి వాటికే అది నప్పింది. క్వారీలో ఉక్కే రాజు.

ఆశ పలకలు

మనలో మెజర్‌మెంట్ బుక్కు పట్టినవారికి ఈ భాగం నచ్చుతుంది. పది అడుగుల పొడవు, ఆరున్నర అడుగుల వెడల్పు, రెండు అడుగుల ఎత్తు ఉన్న తొట్టి అనుకోండి. 130 ఘనపుటడుగులు, అంటే మన లెక్కలో ఒకటీ పాతిక యూనిట్ల పైచిలుకు. ఇంగ్లీషువారి లెక్కలో అయిదు ఘనగజాలకు కొంచెం తక్కువ. దాన్ని కంకరతో నింపితే సుమారు అయిదున్నర, ఆరు టన్నులు. బొగ్గుతో నింపితే మూడు టన్నులకు అటూ ఇటూ. కాల్చిన బొగ్గు, అంటే కోక్ అయితే రెండు టన్నులు కూడా ఉండదు. కొలత ఒకటే, బరువు మూడు రకాలు.

కోక్ మోసే యజమాని ఊరుకుంటాడా? పక్కల మీద అదనపు పలకలు నిలబెట్టి తొట్టి ఎత్తు పెంచాడు. ఇంగ్లండులో వీటిని 'గ్రీడీ బోర్డులు' అంటారు. తెలుగులో ఆశ పలకలు అనుకోవచ్చు. తేలిక సరుకుకు అవి న్యాయమే. ఆ పలకలు తీయకుండా కంకర కూడా పైదాకా నింపడం మొదలయ్యేసరికి అవి పేరుకు తగ్గ పనిచేశాయి. స్ప్రింగులు విరిగాయి, బ్రేకులు ఆగలేదు, రోడ్లు కుంగాయి. 1960ల చివర బ్రిటన్ ప్రభుత్వం ప్రతి లారీకి అది మోయగల గరిష్ఠ బరువు చెక్కిన పలక బిగించాలనీ, ఏటా పరీక్ష చేయించాలనీ నిబంధనలు తెచ్చింది. ఆశ పలకకు జవాబుగా చట్టం ఒక ఇనుప పలక కొట్టిందన్నమాట.

దన్ను కడ్డీ

పాత టిప్పర్లను పరిశీలిస్తే ఉపచట్రం పక్కన మడిచిపెట్టిన ఒక ఇనుప కడ్డీ కనిపిస్తుంది. తొట్టిని ఎత్తి కింద మరమ్మతు చేసేటప్పుడు దాన్ని నిలబెట్టి దన్నుగా పెట్టాలి. జాకీని నమ్మకూడదు. ఎందుకంటే అన్ని టన్నులనూ గాలిలో ఆపుతున్నది నూనె మాత్రమే. ఒక రబ్బరు గొట్టం పగిలితే, ఒకరు తెలియక లివరు తాకితే, తొట్టి క్షణంలో కిందికి వస్తుంది.

డెబ్బయ్యవ దశకం చివర నేను ఒక కాలువ పని మీద ఉండగా ఇదే జరిగింది. సైటు పేరు అనవసరం. క్లీనరు కుర్రాడికి ఇరవై ఏళ్లు కూడా నిండలేదు. ఎత్తిన ఖాళీ తొట్టి కింద గ్రీజు పెడుతున్నాడు. దన్ను కడ్డీ బండికి లేదు. ఏడాది క్రితమే ఎవరో తీసి పంపు షెడ్డు కప్పుకు ఊతంగా నిలబెట్టారు. గొట్టం పగిలింది. వర్క్‌మెన్స్ కాంపెన్సేషన్ చట్టం 1923లోనే ఉంది కనుక నష్టపరిహారం ఫైలు తెరిచాం. ఆ ఫైలు నడిపింది నేను. కుర్రాడు మస్టర్ రోల్ మీద ఉన్నాడా, కాంట్రాక్టరు మనిషా అన్న ఒక్క ప్రశ్న మీద అది మూడేళ్లు తిరిగింది. అన్నిసార్లూ వాళ్లమ్మ వచ్చి వరండాలో కూర్చునేది. డబ్బు చేతికిచ్చిన రోజు ఆమె వేలిముద్ర వేసి, "బాబూ, ఆ కడ్డీ ఇప్పుడు పెట్టారా?" అని అడిగింది. పెట్టారు. ఆమె అడిగింది కనుక నేను స్వయంగా వెళ్లి చూసి వచ్చి చెప్పాను.

అయిదారు కిలోల ఇనుము అది. తొట్టి కట్టిన మేస్త్రీ ఎక్కడో కూర్చుని, ముక్కూ మొహం తెలియని ఒక క్లీనరు ప్రాణం గురించి ఆలోచించి పెట్టిన ముక్క. ఈ చరిత్రలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది అదే.

మన గడ్డ మీద

లాంకషైర్‌లో లేలండ్ అనే చిన్న ఊరు ఉంది. ఆ ఊరి పేరే పెట్టుకున్న కంపెనీ తన లారీలకు బీవర్, హిప్పో, ఆక్టోపస్ అని జంతువుల పేర్లు పెట్టింది. ఆక్టోపస్‌కు ఎనిమిది చక్రాలు ఉండేవి, పేరు సరిగ్గా కుదిరింది. మరో కంపెనీ స్కామెల్ తన డంపర్లకు షెర్పా, హిమాలయన్ అని మన వైపు పేర్లు పెట్టుకుంది. గ్లాస్గోలోని ఆల్బియన్ వారి రేడియేటరు మీద ఉదయించే సూర్యుడి బొమ్మ ఉండేది. 1932లో నిజాం స్టేట్ రైల్వే రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో మొదలైనప్పుడు హైదరాబాదు రోడ్ల మీదికి వచ్చినవి ఆ ఆల్బియన్లే. వాటిలో ఒకదాన్ని ఆర్టీసీ వారు బాగుచేయించి భద్రపరిచారు.

1948లో మద్రాసులో స్థాపించిన అశోక్ మోటార్స్ మొదట ఆస్టిన్ కార్లు బిగించింది. తరువాత లేలండ్‌తో ఒప్పందం కుదిరి, 1951లో ఎన్నూరులో కామెట్ లారీల బిగింపు మొదలైంది. 1955లో కంపెనీ పేరు అశోక్ లేలండ్ అయింది. కలకత్తా దగ్గర ఉత్తరపారాలో హిందుస్తాన్ మోటార్స్ వారు బెడ్‌ఫర్డ్ లారీలు తయారుచేశారు. 1954 నుంచి టాటా వారు జర్మనీ బెంజ్ సాయంతో పోటీకి వచ్చారు. మన కాలువ గట్ల మీద తిరిగిన టిప్పర్ల వంశవృక్షం ఇదీ.

ఇంగ్లండులో ఆ పేర్లలో చాలావరకు ఇప్పుడు లేవు. సౌతాల్‌లోని ఏ.ఇ.సి. ఫ్యాక్టరీ 1979లో మూతపడింది. బెడ్‌ఫర్డ్ భారీ లారీల తయారీ 1986లో ఆగింది. ఫోడెన్ పేరు 2006లో ముగిసింది. లేలండ్ ఊళ్లో లారీలు ఇప్పటికీ తయారవుతున్నాయి కానీ వాటి ముందు భాగాన ఉండేది డాఫ్ అన్న డచ్చి పేరు. లేలండ్ అన్న అక్షరాలు రోజూ వేల బండ్ల మీద కనిపించేది మన దేశంలోనే. పుట్టింట పోయిన పేరు మెట్టినింట నిలిచింది.

అక్కడి వారు వస్తువులనైనా నిలుపుకున్నారు. 1983లో లేలండ్ ఊళ్లోనే వాణిజ్య వాహనాల మ్యూజియం తెరిచారు. 1962 నుంచి పాత లారీలు, బస్సులు లండన్ నుంచి బ్రైటన్ దాకా ఏటా ఊరేగింపుగా నడుస్తున్నాయి. వాటిలో టిప్పర్లు అరుదు. చనిపోయేదాకా పనిచేసిన బండి మిగలడం కష్టం కదా! దొరికిన ఒకటీ అరా బండ్లకు రిటైరైన డ్రైవర్లు, ఫిట్టర్లు పాత కొలతల ప్రకారం ఓక్ దూలాలు కోసి మళ్లీ తొట్లు కడుతున్నారు. వాళ్లూ మనలాంటి పెన్షనర్లే.

మన దగ్గర బండిని కండెమ్ చేసి, వేలం వేసి, కిలోల లెక్కన తుక్కుకు ఇచ్చేస్తాం. ఆ కాగితాలు ఎన్నో నా చేతుల మీదుగా వెళ్లాయి. నియమం అది, తప్పనలేం. కానీ ప్రతి పెద్ద ప్రాజెక్టు దగ్గరా శంకుస్థాపన శిలాఫలకం పక్కన ఒక పాత టిప్పర్‌ను నిలబెడితే పిల్లలకు ఆ ఆనకట్ట ఎలా లేచిందో కళ్లకు కట్టినట్టు తెలుస్తుంది. యాంత్రిక విభాగాల్లో పనిచేసిన మన సభ్యులు తమకు గుర్తున్న బండ్ల పేర్లు, మేస్త్రీల పేర్లు, డ్రైవర్ల పేర్లు రాసి సంఘానికి పంపితే తరువాతి సంచికల్లో వేసుకోవచ్చు. మన తరం దాటితే చెప్పేవారు ఉండరు. ఈ మాట అధ్యక్ష కార్యదర్శులు ఆలోచించవలసిందిగా కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.